మూడోసారి నేను చెప్పని మాట

అనంతపురం

అబ్బీ,

నీకు సబ్‌మెరీన్ కమాండ్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్తూ ఏడ్చింది. సంతోషమో భయమో దానికే తెలీదు. నేను మిద్దె మీదికెక్కి పొద్దుపోయేదాకా కూర్చున్నా. చెరువు నిండితే పండగ చేసుకునే ఊరు మనది. ఇక్కణ్ణుంచి ఇద్దరం నీళ్లకింద బతకడానికి పోయాం చూడు!

బ్యాటరీ అడుగంటేదాకా ఆగకు, వీలు దొరికినప్పుడే చార్జి చేసుకో. చార్జి చేసేప్పుడు బ్యాటరీల్లోంచి వచ్చే హైడ్రోజన్ మీద కన్నేసి ఉంచు. పైకి లేచే ముందు పడవను తిప్పి వెనకవైపు కూడా విను. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

నీకు తెలియంది ఒకటుంది. మీ అత్తకు కూడా చెప్పలేదు.

అప్పుడు నేను ఫాక్స్‌ట్రాట్ రకం సబ్‌మెరీన్‌లో, నీళ్లలో చప్పుళ్లు వినే సోనార్ మీద ఉన్నా. యుద్ధం కాదు, ఎక్సర్‌సైజు. తెల్లవారుజామున రెండుసార్లు ‘కాంటాక్ట్’ అని, అంటే దగ్గర్లో ఓడేదో ఉందని, రిపోర్టు చేశా. రెండూ ఉత్తవే, రొయ్యల చిటపటలు. ‘చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?’ అని కెప్టెన్ మైకులోనే కడిగేశాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

గంట తర్వాత పెరిస్కోప్ లోతుకి లేస్తున్నాం. ఎక్కడో పొలంలో ఆయిలింజన్ ఆడుతున్నట్టు సన్నగా టుకుటుకుమని వినబడింది. మైకు బటన్ మీద వేలు పెట్టా. తీసేశా. మళ్లీ తిట్లెందుకులే అనుకున్నా.

పెరిస్కోప్ లేచీ లేవకముందే కెప్టెన్ ‘కిందికి!’ అని అరిచాడు. చేపల పడవ అడుగు అద్దం నిండా కనబడిందట. దాని ప్రొపెల్లర్ మా నెత్తి మీదుగా గరగరా పోవడం హెడ్‌ఫోన్ లేకుండానే అందరికీ వినబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ‘నీకు వినపడలేదా?’ అని అడిగాడు. ‘లేదు సార్’ అన్నా.

తప్పు నాదే. సగం మాత్రం ఆ నవ్వుది. మొదటిసారి తప్పు చెప్పినవాడి ముందు నీ మొహం ఎట్లా పెడతావో, మూడోసారి వాడు నోరు తెరవడం దాన్నిబట్టే ఉంటుంది. నీ కోపం నాకు తెలుసు కాబట్టే ఇంత చెప్తున్నా. ఓడిపోయావని క్యారమ్ బోర్డు విరగ్గొట్టినోడివి నువ్వు. ఆ రోజు నీకు చెయ్యి గీసుకుపోతే పసుపు పెట్టింది కూడా నేనే.

యుద్ధమే వస్తే... 1971 డిసెంబర్ 9 రాత్రి దియు దగ్గర పాకిస్తాన్ వాళ్ల సబ్‌మెరీన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఖుక్రీ కెప్టెన్ ముల్లా ఓడ వదిలి రాలేదు. మేమంతా ఆయన పేరు చెప్పుకునేవాళ్లం. నాకు మాత్రం హంగోర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్న కుర్రాడు కూడా గుర్తొచ్చేవాడు. శత్రువే అనుకో. అయినా ఓడ విరిగే చప్పుడు ముందు వాడి చెవిలోనే పడి ఉంటుంది కదా. టార్పెడో వదలాల్సి వస్తే వదులు, వెనకాడొద్దు. తర్వాత చప్పుడు చేయకుండా నక్కి ఉండే గంటల్లో ఎప్పుడైనా నీ సోనార్ వాడి పక్కన కాసేపు నిలబడు. ఏమీ మాట్లాడక్కర్లేదు.

మీ అత్త శెనక్కాయల పొడి పంపిస్తోంది. స్టీలు డబ్బాలో పోసింది, వద్దంటే వినలేదు. మూత తీస్తే ఖంగుమంటుంది. ఎక్కే ముందే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకో.

మీ మామ