పాత సినిమాను విడుదలనాటి నిడివికి తెచ్చుకున్నాం: నలుగురికీ చూపించవచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారు ఇక్కడి ఒక సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేశారు. హాలు మూతపడినప్పుడు రెండు పాత తెలుగు సినిమాల రీళ్లు ఇంటికి తెచ్చి దాచారు. ఒకటి 1961లో, రెండోది 1968లో విడుదలైన సినిమాలు. ఇప్పుడు డీవీడీల్లోనూ టీవీలోనూ వస్తున్న ప్రతుల్లో లేని రెండు పద్యాలు, ఒక హాస్య సన్నివేశం, ఒక పాట చివరి చరణం ఈ రీళ్లలో ఉన్నాయి. నేను, రాయగడలో ఒక మిత్రుడు, శ్రీకాకుళంలో మరొకరు కలిసి రీళ్లను స్కాన్ చేయించి, లేని భాగాలను డీవీడీ బొమ్మతో జతచేసి, గీతలు తుడిచి, శబ్దం సరిచేశాం. రెండేళ్లు పట్టింది, పైసా ఆశించలేదు. దీన్ని ప్రకటనలు లేకుండా యూట్యూబ్‌లో పెట్టవచ్చా? సంక్రాంతికి మా తెలుగు సంఘం హాలులో ఉచితంగా వేయవచ్చా? కనీసం అసలు డీవీడీ కొన్నవారికి మాత్రమే లింకు ఇవ్వవచ్చా? అమెరికాలో స్టార్ వార్స్ అభిమానులు ఇలాగే చేశారని చదివాం.
— ఒక పాఠకుడు

జవాబు: మీరు సినిమాల పేర్లు కూడా రాశారు గాని, మీ క్షేమం కోరి వాటిని ఇక్కడ ప్రస్తావించడం లేదు. మీ రెండు సినిమాలూ చట్టం దృష్టిలో ఒక్కటి కావు కాబట్టి రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు.

కాపీరైట్ చట్టం, 1957లోని 26వ సెక్షన్ ప్రకారం సినిమా మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కపెట్టి 60 సంవత్సరాలు ఉంటుంది. ఆ లెక్కన 1961 సినిమా మీద హక్కు 2021 డిసెంబరు 31తో ముగిసింది. 1968 సినిమా మీద హక్కు 2028 డిసెంబరు 31 దాకా ఉంటుంది. దర్శకుడు ఎప్పుడు కాలం చేశారు, నటీనటులు ఉన్నారా లేరా అన్నవి ఈ లెక్కలోకి రావు. మన చట్టం సినిమాకు కర్తగా నిర్మాతను గుర్తిస్తుంది, దర్శకుణ్ని కాదు.

ముందుగా 1968 సినిమా సంగతి చూద్దాం. సినిమాలో ఏ భాగానికైనా నకలు తీయడం, దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వచేయడం, ప్రజలకు అందించడం హక్కుదారుకే చెందిన పనులని 14వ సెక్షన్ చెబుతుంది. మీరు డబ్బు తీసుకోలేదన్న మాట ఈ సెక్షన్ ముందు మీకు రక్షణ కాదు. అయితే 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది. వాటిలో మొదటిది సొంత వాడకానికీ, పరిశోధనకూ, విమర్శకూ న్యాయమైన మేరకు చేసుకునే వినియోగం, అంటే ఫెయిర్ డీలింగ్. మీ ఇంట్లో మీ కంప్యూటర్ మీద రీళ్లను స్కాన్ చేసుకుని, తప్పిపోయిన పద్యాన్ని దాని చోట అమర్చుకుని, మీ కుటుంబంతో కూర్చుని చూసుకోవడాన్ని ఈ మినహాయింపు కింద గట్టిగా సమర్థించవచ్చునని నా అభిప్రాయం. నకలు తీయకుండా డీవీడీకి పెట్టిన డిజిటల్ తాళాన్ని ఇందుకోసం తీయవలసి వచ్చినా, 65ఏ సెక్షన్ శిక్షించేది హక్కును ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీసేవారిని. కాబట్టి ఏ పని ఏ ఉద్దేశంతో ఎప్పుడు చేశారో తేదీలతో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ముగ్గురు మిత్రులు మూడు ఊళ్ల నుంచి ఫైళ్లు పంపుకోవడం దగ్గర ఈ రక్షణ కొంత పలచబడుతుంది. యూట్యూబ్ దగ్గర అది పూర్తిగా తెగిపోతుంది, ఎందుకంటే అక్కడ పెట్టడమంటే ప్రజలకు అందించడమే.

డీవీడీ కొన్నవారికి మాత్రమే లింకు ఇవ్వడమన్నది అభిమానులు తమకు తాము పెట్టుకున్న ధర్మం. స్టార్ వార్స్ 1977లో విడుదలైంది. 1997లో నిర్మాణ సంస్థే మార్పులు చేసిన ప్రతిని విడుదల చేసి, ఆ తర్వాత దానినే ప్రధాన ప్రతిగా నిలబెట్టింది. పాత ప్రతి మీద ప్రేమ ఉన్నవారు 35 ఎంఎం ప్రింట్లు వెతికి స్కాన్ చేసుకుని, అధికారిక ప్రతి కొన్నవారే దీన్ని తీసుకోవాలని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అది మంచి మనసుతో పెట్టుకున్న కట్టుబాటే. కానీ అది ఆ దేశపు చట్టంలోనూ రాసి లేదు, మన చట్టంలోనూ లేదు. పైగా అక్కడి ఫెయిర్ యూజ్ కొన్ని అంశాలను తూచి తీర్పు చెప్పే సూత్రం. మన ఫెయిర్ డీలింగ్ ఏయే అవసరాలకో ముందే పేర్కొన్న పట్టిక. ఆ పట్టికలో లేని అవసరాన్ని, అది ఎంత ఉదాత్తమైనదైనా, న్యాయస్థానం దానిలోకి చేర్చదు. డీవీడీ కొన్నవారికి ఆ డిస్కు మీద హక్కు వచ్చింది గాని, సినిమాకు మరో నకలు పొందే హక్కు రాలేదు.

పొరపాటున పెడితే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాలి. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయని పని అయితే, ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి న్యాయమూర్తి అంతకంటే తక్కువ శిక్ష వేయవచ్చు. మీ పైసా ఆశించని రెండేళ్ల శ్రమ లెక్కకు వచ్చేది అక్కడే, అంటే నేరం రుజువైన తర్వాతే. ఇది వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక సివిల్ దావా విషయంలో, హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇచ్చింది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న సంస్థ దావా వేస్తే మీరు పర్లాకిమిడి నుంచి అక్కడికి వాయిదాలకు తిరగవలసి రావచ్చు. ఇంకొక మాట మీకు బాధ కలిగిస్తుందని తెలిసినా చెప్పక తప్పదు. ఒక సినిమాలో గణనీయమైన భాగం మరొకరి కాపీరైట్‌ను ఉల్లంఘించేదైతే ఆ సినిమాకు కాపీరైట్ ఉండదని 13వ సెక్షన్ చెబుతుంది. అంటే మీ ప్రతిని ఎవరైనా ఎత్తుకుపోయి ప్రకటనలతో డబ్బు చేసుకున్నా, మీరు వారిని ఆపలేరు.

1961 సినిమా పరిస్థితి వేరు. సినిమా అన్న వస్తువు మీద హక్కు పోయింది కాబట్టి మీ రీళ్ల నుంచి తీసిన బొమ్మను మీరు బయటికి తేవచ్చు. అయితే మీరు బొమ్మలో ఎక్కువ భాగం ఒక సంస్థ శుభ్రం చేసి అమ్మిన డీవీడీ నుంచి తీసుకున్నారు. కేవలం శ్రమ పడినంత మాత్రాన కాపీరైట్ పుట్టదని, కొంతైనా సొంత నైపుణ్యం, ఎంపిక ఉండాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును బట్టి గీతలు తుడిచి, వెలుతురు సరిచేసినంత మాత్రాన కొత్తగా 60 ఏళ్ల హక్కు మొదలుకాదని నేను వాదిస్తాను. రంగులు అద్దిన ప్రతి విషయంలో మాత్రం ఆ వాదన అంత తేలిక కాదు. మాయాబజార్ 1957 నాటిది కాబట్టి నలుపు తెలుపు సినిమా మీద హక్కు 2017తో ముగిసింది. కానీ 2010లో రంగుల్లో వచ్చిన ప్రతికి వేరే హక్కు ఉందని అనగలవారుంటారు. మీరు వీలైనంతవరకు డీవీడీ బొమ్మను వదిలి, మీ రీళ్ల బొమ్మనే వాడండి. గీతలు కొంచెం ఎక్కువ కనిపించినా ఫరవాలేదు.

పాటల విషయం మరొకటి ఉంది. రచయితలు రాసిన సాహిత్యానికి రచయిత మరణానంతరం, స్వరానికి స్వరకర్త మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సినిమా మీది హక్కు వీటి హక్కును తగ్గించదు. పాట రాసినవారు 1980లో మరణించి ఉంటే ఆ సాహిత్యం మీద హక్కు 2040 దాకా నడుస్తుంది. యూట్యూబ్‌లో సంగీత సంస్థల నుంచి అభ్యంతరం వచ్చే అవకాశం ఇక్కడే ఎక్కువ. వస్తే కంగారుపడకుండా, ఏ హక్కు, ఎవరి నుంచి బదిలీ అయింది, ఏ పత్రం ద్వారా అని లిఖితంగా అడగండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం, మీ ప్రశ్నలో మీరు తేలికగా దాటేసినది: విడుదలనాటి ప్రతి అంటే ఏది? మీరు పోయిన నెల బరంపురంలోని నా ఆఫీసుకు తెచ్చిన 1961 సినిమా రీలును కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. హాస్య సన్నివేశం మధ్యలో ఒక చోట ఫిల్మ్ సిమెంటుతో వేసిన పాత అతుకు ఉంది. ఫ్రేముల పక్కన సన్నగా సాగే సౌండు ట్రాకు అక్కడ ఠక్కున తెగి, వేరే ఆకారంతో మళ్లీ మొదలవుతోంది. ఆ కోత తెగిన ఫిల్మును అతికించుకోవడానికి హాలు ఆపరేటరు వేసినదా, ఆటల సమయానికి సరిపోయేలా డిస్ట్రిబ్యూటరు తీయించినదా, సెన్సారు వారు తీయమన్నదా అన్నది రీలును చూసి చెప్పలేం. చట్టం దృష్టిలో మాత్రం మూడింటికీ చాలా తేడా ఉంది.

సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952 ప్రకారం సెన్సారు సర్టిఫికెట్టు ఇచ్చేది ఒక నిర్దిష్టమైన ప్రతికి. సర్టిఫికెట్టు పొందాక చట్టబద్ధమైన అధికారం లేకుండా సినిమాను మార్చడం 7వ సెక్షన్ కింద నేరం. అధికారం ఉందని రుజువు చేసుకోవలసిన భారం మార్చినవారిదే. హాలులోనో డిస్ట్రిబ్యూటరు చేతిలోనో పోయిన ముక్కను తిరిగి చేర్చితే మీరు సర్టిఫికెట్టు పొందిన ప్రతికి దగ్గరవుతున్నారు. సెన్సారు తీయించిన ముక్కను చేర్చితే దానికి దూరమవుతున్నారు, ఆ ముక్క ఎంత అపురూపమైనదైనా సరే. షోలే 1975లో విడుదలైనప్పుడు ముగింపును సెన్సారు కోసం మార్చవలసి వచ్చింది. అసలు ముగింపుతో పునరుద్ధరించిన ప్రతి 2025లో బయటికి వచ్చింది. అది నిర్మాణ సంస్థ, పాత సినిమాలను భద్రపరిచే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కలిసి చేసిన పని. అందులో ప్రేక్షకులు 1975లో చూసినది ఒకటి, దర్శకుడు తీసినది మరొకటి. మీరు ఏది తిరిగి తెస్తున్నారో మీకే స్పష్టంగా తెలియాలి.

దీనికి మీ చేతిలోనే ఒక ఆధారం ఉంది. మొదటి రీలు ఆరంభంలో సర్టిఫికెట్టు బొమ్మ చెడకుండా ఉంటే, అందులో నిడివి, రీళ్ల సంఖ్య ఉంటాయి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్టులో 16,200 అడుగులు ఉంటే ఆ సినిమా 180 నిమిషాలది. అయితే డీవీడీ తక్కువ నిడివి చూపగానే కోత పడిందని అనుకోకండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల లెక్కన ఎక్కించిన డీవీడీలో ఒక్క ఫ్రేము పోకుండానే 180 నిమిషాలు 173కు దిగుతాయి. ఈ తేడా తీసేశాక మిగిలినదే అసలు కోత. ఈ లెక్కను కాగితం మీద వేసి, సర్టిఫికెట్టు ఫోటోతో కలిపి దాచండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీ మాటకు బలం దాని నుంచే వస్తుంది.

సంఘం హాలులో ప్రదర్శన విషయానికి వస్తే, టిక్కెట్టు లేకుండా ఔత్సాహికులు నాటకమో పాటో ప్రదర్శించుకోవడానికి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గాని, అది సినిమాకు వర్తించదు. విద్యాసంస్థలో సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారి ఎదుట సినిమా వేయడానికి మినహాయింపు ఉంది. మీ సంఘం విద్యాసంస్థ కాదు. కాబట్టి 1968 సినిమాను అనుమతి లేకుండా వేయకండి. 1961 సినిమాకు కాపీరైట్ అడ్డు పెద్దగా లేకపోయినా, బహిరంగ ప్రదర్శన కాబట్టి సర్టిఫికెట్టు పొందిన ప్రతినే వేయాలి. హాలులో సినిమా వేయడానికి స్థలం అనుమతి రాష్ట్రాల చట్టాల ప్రకారం నడుస్తుంది. పర్లాకిమిడిలో వేస్తే ఒడిశా చట్టం, మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో వేస్తే ఆంధ్రప్రదేశ్ చట్టం. సరిహద్దున ఉన్న మనవారు ఈ తేడాను తరచూ మరచిపోతారు. పండుగకు ముందుగానే కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

1968 సినిమాకు దారి అనుమతి ఒక్కటే. అది దొరకదని ముందే నిరాశపడకండి. మీ దగ్గర ఉన్న పద్యం హక్కుదారు దగ్గరే లేకపోవచ్చు, కాబట్టి మీరు ఉత్త చేతులతో అడగడం లేదు. నెగటివ్ హక్కులు, శాటిలైట్ హక్కులు, డిజిటల్ హక్కులు వేర్వేరు చేతుల్లోకి వెళ్లి ఉండవచ్చు. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితమని 19వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, హక్కు మాదే అన్నవారిని పత్రం చూపమని మర్యాదగా అడగండి. హక్కుదారు ఎవరో ఎంత వెతికినా తెలియకపోతే, ప్రజలకు అందకుండా ఉండిపోయిన సినిమాకు లైసెన్సు కోరే వీలు 31ఏ సెక్షన్‌లో ఉంది. దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లీషు దినపత్రికలో ముందుగా ప్రకటన వేయాలి. ఇలాంటి దరఖాస్తులు వినే అప్పీలేట్ బోర్డు 2021లో రద్దయింది కాబట్టి దరఖాస్తు కమర్షియల్ కోర్టుకు వెళుతుంది. ఖర్చు ఉంటుంది. 2028 చివరిదాకా ఆగడం మీకు తేలిక కావచ్చు.

రీళ్ల విషయం మాత్రం ఆగదు. మీ రీలు డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చింది. ఫిల్ము చెడడం మొదలైందనడానికి అది గుర్తు, పక్క రీళ్లకూ అంటుకుంటుంది. అలా వాసన వచ్చే డబ్బాలను మిగిలిన వాటి నుంచి వేరుచేసి, అటక మీద నుంచి దింపి చల్లని పొడి గదిలో పెట్టండి. పుణెలో 1964లో మొదలై 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఇప్పుడే ఉత్తరం రాయండి. అక్కడ భద్రపరచడానికి ఇస్తే సినిమా మీద కాపీరైట్ ఎవరిదో మారిపోదు. అయితే ప్రింట్లు డిస్ట్రిబ్యూటర్లకు తిరిగి వెళ్లవలసినవి కాబట్టి రీళ్ల మీద కూడా ఎవరైనా హక్కు చెప్పవచ్చు. మీ నాన్నగారికి అవి ఎవరిచ్చారో, ఏ సంవత్సరంలో ఇచ్చారో గుర్తున్నంత మేరకు ఆయన చేత ఒక వాంగ్మూలం రాయించి, నోటరీ ముందు సంతకం చేయించండి. అది చేతికి వచ్చాక సర్టిఫికెట్టు ఫోటోతో పాటు బరంపురం తీసుకురండి, 1968 సినిమా హక్కుదారుకు పంపవలసిన ఉత్తరం కలిసి రాద్దాం.