ఆఫ్‌సెట్ మిషన్ కొనే ముందు వేయాల్సిన లెక్క

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మిషన్ ఫొటోలు, డీలర్ కొటేషన్ చూశాను. సెకండ్ హ్యాండ్ ఫోర్ కలర్ ప్రింటింగ్ మిషన్ అయినా బాగానే ఉన్నట్టుంది. ఫొటోల్లో ఏ మిషనైనా బాగానే ఉంటుందనుకో, అది వేరే సంగతి. "నెలకి అరవై జాబులు పడితే బ్రేక్ ఈవెన్ మామయ్యా, నాకు ఇప్పటికే డెబ్భై వస్తున్నాయి, కొనేయనా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం నువ్వు వింటావు, సగం నీ కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్ వింటాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నెలకి అరవై ఆర్డర్లు వస్తే లాభనష్టాలు లేకుండా ఖర్చులు వెళ్ళిపోతాయన్న నీ లెక్క తప్పు కాదు. కాకపోతే కొనాలా వద్దా అన్నదానికి జవాబు అందులో లేదు.

ముందు ఒక్క జాబుతో మొదలుపెడదాం. ఇప్పుడు నీ దగ్గరున్న డిజిటల్ మిషన్లో కలర్ షీటు ఒక పక్క వేస్తే క్లిక్ చార్జి, అంటే మిషన్ ఒక షీటు వేసినందుకు పడే చార్జి, 4 రూపాయలు, పేపరు 3 రూపాయలు అనుకుందాం. షీటుకి 7 రూపాయలు. ఒక్కటి వేసినా ఏడే, వెయ్యి వేసినా ఒక్కోదానికి ఏడే. ఆఫ్‌సెట్ అలా కాదు. మొదటి మంచి షీటు బయటికి రాకముందే రంగుకొకటి చొప్పున నాలుగు అచ్చు ప్లేట్లకి వెయ్యి రూపాయలు, రిజిస్టర్ కుదిరి (నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి) రంగు సెట్ అయ్యేదాకా పాడయ్యే నూటయాభై షీట్లకి 450, ఇంకు మార్చడం, కడగడం, వాష్ అన్నీ కలిపి 350. మొత్తం 1,800 పోయినట్టే. ఆ తర్వాత మాత్రం షీటుకి పేపరు 3 రూపాయలు, ఇంకు, కరెంటు కలిపి 40 పైసలు, అంతే. లెక్క తేలిగ్గా ఉండాలని రెండు మిషన్లకీ ఒకే సైజు షీటు పెట్టాను.

200 షీట్ల జాబు డిజిటల్లో 1,400కి అయిపోతుంది, ఆఫ్‌సెట్లో 2,480 అవుతుంది. 2,000 షీట్లయితే డిజిటల్లో 14,000, ఆఫ్‌సెట్లో 8,600. రెండూ సమానమయ్యేది 500 షీట్ల దగ్గర. ఈ 500 నీకు కంఠతా వచ్చి ఉండాలి. కస్టమర్ ఎదురుగా నిలబడి రేటు అడిగినప్పుడు ఏ మిషన్ వైపు చూడాలో అదే చెప్తుంది. నీ క్లిక్ రేటు, నీ ప్లేటు రేటు వేసుకుని నీ అంకె నువ్వే కట్టుకో. నాది బెజవాడ లెక్క, అది కూడా గుండ్రంగా చేసింది.

ఇప్పుడు నెల లెక్కకి వద్దాం. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. 50 లక్షల మిషన్‌కి 10 నువ్వు పెట్టి 40 లోన్ తీసుకుంటే, 11 శాతం వడ్డీ మీద ఐదేళ్ళకి ఈఎమ్ఐ దాదాపు 87 వేలు. ఆపరేటర్, ఇద్దరు హెల్పర్లు కలిపి 60 వేలు. పెద్ద మిషన్‌కి ఇప్పుడున్న షాపు చాలదు కాబట్టి షెడ్డు అద్దె 25 వేలు. కనెక్టెడ్ లోడ్ మీద మిషన్ ఆడినా ఆడకపోయినా పడే కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు, ఇన్సూరెన్స్ కలిపి 13 వేలు. రోలర్లు, బ్లాంకెట్లు (మిషన్లోని రబ్బరు షీట్లు), సర్వీసు కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది 15 వేలు. అన్నీ కూడితే 2 లక్షలు. ఒక్క షీటు వెయ్యకపోయినా నెల తిరిగేసరికి ఈ 2 లక్షలూ పోతాయి.

నీ సగటు జాబు 2,000 షీట్లు, షీటుకి 6 రూపాయలు తీసుకుంటున్నావనుకుందాం. 12,000 వస్తుంది, 8,600 జాబు మీదే ఖర్చు, 3,400 మిగులు. ఈ మిగులు ఇంకా లాభం కాదమ్మా, ముందు ఆ 2 లక్షల గుంటని పూడ్చాలి. 2 లక్షలని 3,400తో భాగిస్తే 59 జాబులు. నువ్వు చెప్పిన అరవై ఇదే. అరవయ్యో జాబు నుంచి మిగిలేది నీది. ఇక్కడిదాకా నువ్వూ నేనూ ఒకటే.

అయితే ఆ డెబ్భై జాబులూ ఇప్పుడు నువ్వు పక్క ప్రెస్సులో వేయించుకుంటున్నావు కదా. వాళ్ళు పేపరుతో కలిపి జాబుకి 10,600 తీసుకుంటే నీకు 1,400 మిగులుతుంది. డెబ్భై జాబులకి 98 వేలు. షెడ్డు లేదు, ఆపరేటర్ లేడు, ఈఎమ్ఐ లేదు. అవే డెబ్భై జాబులు సొంత మిషన్ మీద వేస్తే 2,38,000 మిగులు, అందులో 2 లక్షలు పోతే చేతికి 38 వేలు. యాభై లక్షల మిషన్ కొని, రాత్రింబవళ్ళు దాని పక్కన నిలబడి, అరవై వేలు తక్కువ సంపాదిస్తావన్నమాట! బ్రేక్ ఈవెన్ దాటావనే సంతోషం మాత్రం ఉంటుంది.

రెండూ సమానమయ్యేది నూరో జాబు దగ్గర. నూరు జాబులకి బయట వేయిస్తే లక్షా నలభై వేలు, సొంతంగా వేసినా లక్షా నలభై వేలే. 120 జాబులైతే సొంత మిషన్ 2,08,000 ఇస్తుంది, బయట వేయిస్తే 1,68,000. కాబట్టి నీ ప్రశ్నని అరవై దగ్గర కాదు, నూరు దగ్గర అడుగు. డీలర్లు ఎప్పుడూ అరవై దగ్గరే ఆపుతారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

బయటి ప్రెస్ వాడు పెళ్ళిళ్ళ సీజన్లో నీ జాబు వెనక్కి నెట్టి తన జాబు ముందు వేసుకుంటాడని, నలుపు పల్చగా వచ్చినా మాట్లాడనివ్వడని నాకు తెలియంది కాదు. సొంత మిషన్ ఉంటే సాయంత్రం వచ్చిన అర్జంటు పని తెల్లారేసరికి ఇవ్వొచ్చు. దానికీ ఒక విలువ ఉంది. అర్జంటు జాబుల వల్ల నెలకి ఎంత అదనంగా వస్తుందో రాసి మిగులులో కలుపు. అంకె పెట్టకుండా "క్వాలిటీ మన చేతిలో ఉంటుంది" అని మాత్రం అనొద్దు, ఆ మాట మీద చాలా మిషన్లు అమ్ముడయ్యాయి.

ఇంకో సంగతి. పని ఉన్నా లేకపోయినా తప్పని ఫిక్స్‌డ్ ఖర్చు పెద్దదైనప్పుడు లాభం మన మాట వినదు. 80 జాబుల మీద నీకు 72 వేలు మిగుల్తాయనుకో. ఎనిమిది జాబులు పెరిగితే లాభం 99 వేలు దాటుతుంది, ఎనిమిది తగ్గితే 45 వేలకి పడిపోతుంది. పని పది శాతం కదిలితే లాభం దాదాపు 38 శాతం కదులుతోంది. బయట వేయించే పద్ధతిలో పని పది శాతం తగ్గితే లాభమూ పది శాతమే తగ్గుతుంది. పని పెరిగే రోజుల్లో సొంత మిషన్ ఉన్నవాడు మహారాజు. తగ్గే రోజుల్లో నిద్ర పట్టనిది కూడా వాడికే.

మన పనిలో తగ్గే రోజులు పంచాంగంలోనే రాసి ఉంటాయి. ఆషాఢంలో శుభలేఖలు ఉండవు. మూఢమి వస్తే ఇంకా ఘోరం. 2024లో ఏప్రిల్ ఆఖరు నుంచి మూఢాలు, ఆ వెనకే ఆషాఢం. వేసవంతా కళ్యాణమండపాలు ఖాళీ. అదృష్టం కొద్దీ మే 13న ఎలక్షన్లు పడి, కరపత్రాలు చాలా ప్రెస్సుల్ని గట్టెక్కించాయి. ప్రతి మూఢమికీ ఎలక్షన్ రాదు కదా. (ఎలక్షన్ పని పడితే కరపత్రం మీద ప్రింటర్ పేరు, పబ్లిషర్ పేరు, అడ్రసులు తప్పకుండా వెయ్యి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ అది, తేడా వస్తే జైలు కూడా ఉంది. డబ్బు మాత్రం ముందే తీసుకో, ఓడినవాడు ఫోన్ ఎత్తడు.) ఆషాఢంలో 35 జాబులే వచ్చాయనుకో, మిగులు 1,19,000. మిగతా 81 వేలు ఎక్కడినుంచి తెస్తావు? బ్యాంకుకి ఆషాఢం తెలీదు. ఐదో తారీఖు అంటే ఐదో తారీఖే.

అందుకని నెల సగటు చూసి మోసపోకు. గత పన్నెండు నెలల జాబు రిజిస్టరు తీసి నెలవారీగా రాయి. మాఘం, శ్రావణం ఎంత, జూన్‌లో స్కూళ్ళ పని ఎంత, డిసెంబర్ క్యాలెండర్లు ఎంత, ఆషాఢం ఎంత. ఏడాది మొత్తం మీద 706 జాబులు ఉంటే ఖర్చులు వెళ్తాయి, సరే. కానీ వరసగా రెండు నెలలు పని పడిపోతే తట్టుకోవడానికి లక్షన్నర నుంచి రెండు లక్షలు విడిగా ఉండాలి. మిషన్ కోసం నువ్వు తీస్తానంటున్న 10 లక్షలు పోగా ఆ డబ్బు నీ దగ్గర ఉందా?

జాబులతో పాటు ఒక్కో జాబు సైజు కూడా రాయి. ఇది ఎవరూ చెయ్యరు. 2020లో కరోనా టైములో పెళ్ళికి యాభై మందే అన్నప్పుడు శుభలేఖల పని చచ్చిపోయింది. తర్వాత పెళ్ళిళ్ళు మళ్ళీ ఘనంగానే జరుగుతున్నాయి గానీ, కార్డులు అన్ని వెయ్యడం లేదు. దగ్గరి చుట్టాలకి నూరు కార్డులు, మిగతా వాళ్ళందరికీ వాట్సాప్. పై లెక్క గుర్తుందిగా, 500 షీట్ల కింద ఆఫ్‌సెట్ దండగ. నీ డెబ్భై జాబుల్లో సగం 500 కిందకి జారిపోతున్నాయంటే నీకు కావాల్సింది పెద్ద మిషన్ కాదు, ఇంకో మంచి డిజిటల్. ఆ రిజిస్టరు చూడకుండా నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను.

రేటు విషయంలో మరీ జాగ్రత్త. మిషన్ వచ్చిన కొత్తలో అది ఖాళీగా ఉంటే చూడలేక అందరూ రేటు తగ్గిస్తారు. షీటుకి ఆరు కాకుండా ఐదున్నర తీసుకున్నావనుకో. అర్ధ రూపాయే కదా అనిపిస్తుంది. జాబు మిగులు 3,400 నుంచి 2,400కి పడుతుంది, బ్రేక్ ఈవెన్ 59 నుంచి 84 జాబులకి వెళ్ళిపోతుంది. అర్ధ రూపాయికి నెలకి పాతిక జాబులు ఎక్కువ చెయ్యాలి! మా వీధిలో ఒకాయన ఇలాగే శివకాశి రేట్లతో పోటీ పెట్టుకున్నాడు. శివకాశి వాళ్ళు దేశమంతటి నుంచి ఆర్డర్లు తెచ్చుకుని లక్షల్లో క్యాలెండర్లు వేస్తారు. వాళ్ళ ప్లేటు ఖర్చు షీటుకి పైసల్లో కూడా కనపడదు. వెయ్యి క్యాలెండర్లు వేసేవాడు ఆ రేటుకి ఇస్తే ఏమవుతుందో అదే అయింది. ఆయన కటింగ్ మిషన్ నేనే కొన్నాను.

అలా అని రేటు ఎప్పుడూ తగ్గించొద్దని కాదు. ఆషాఢంలో మిషన్ ఆగి ఉంది, ఒక పబ్లిషర్ వచ్చి 2,000 షీట్లు షీటుకి 4 రూపాయల 80 పైసలకి వేస్తారా అన్నాడు. ఆ జాబు మీద నీ ఖర్చు 4.30. ఆరు రాలేదని పంపించేస్తే వచ్చేది సున్నా, వేస్తే ఈఎమ్ఐలోకి వెయ్యి రూపాయలు. అందుకని ఆ జాబు వేసెయ్. కానీ అది ఆషాఢం రేటు అని బిల్లు మీదే రాసెయ్, నీ పాత కస్టమర్ చెవిన పడకుండా చూసుకో. 4.30 కిందకి మాత్రం దేవుడు దిగొచ్చి అడిగినా వెయ్యకు.

ఈఎమ్ఐ మొత్తాన్ని ఖర్చు కింద రాశానని నీ ఆడిటర్ నవ్వుతాడు. ఆయన పుస్తకంలో వడ్డీయే ఖర్చు, అసలు కాదు. అసలుకి బదులు మిషన్ మీద ఏడాదికి 15 శాతం డిప్రిసియేషన్ (అరుగుదల) వేస్తాడు. టాక్స్‌కి ఆ లెక్కే కరెక్టు. బ్యాంకులో చెక్కు పాసవ్వాలంటే మాత్రం నా లెక్క కావాలి. రెండూ పక్కపక్కన పెట్టుకో. ఇంకోటి, ఫిక్స్‌డ్ ఖర్చుల్లో నీ జీతం లేదు చూశావా? నువ్వూ రాయలేదు, నేనూ కావాలనే వెయ్యకుండా వదిలేశాను, కనిపెడతావేమోనని. నెలకి 40 వేలు నీ జీతం వేసుకో. అప్పుడు 59 కాస్తా 71 అవుతుంది. మిషన్ ఉన్నా లేకపోయినా నీ జీతం నీకు రావాలి కాబట్టి ఆ నూరు మారదు, అరవై మాత్రం మారుతుంది.

కొనడమే ఖాయమైతే ఫిక్స్‌డ్ ఖర్చుని ఎక్కడెక్కడ జాబు ఖర్చుగా మార్చగలవో వెతుకు. ప్లేట్లు బయట తీయించు, ప్లేట్లు తీసే సీటీపీ మిషన్ సొంతంగా కొనే జోలికి ఇప్పుడే పోకు. ఆపరేటర్‌కి జీతం కొంచెం తగ్గించి ఇంప్రెషన్ల మీద (వేసిన అచ్చుల లెక్కన) కమిషన్ ఇస్తానని అడిగి చూడు, మంచివాడైతే ఒప్పుకుంటాడు. రాజమండ్రిలోనే రెండు మూడు చిన్న ప్రెస్సులు నీలాగే బయట వేయించుకుంటూ ఉంటాయి. వాళ్ళతో ముందే మాట్లాడు. ఇద్దరూ కలిపి నెలకి ముప్పై జాబులు నీ దగ్గర వేయించుకుంటామని ఒప్పుకుంటే నీ డెబ్భై నూరవుతుంది. వాళ్ళ దగ్గర నీకు 3,400 మిగలదు, 2,000 మిగులుతుంది, ఆ తేడా వేసుకుని చూడు.

మిషన్ చూడ్డానికి ఒక్కదానివే వెళ్ళకు, నీ దగ్గరకి వస్తానన్న ఆపరేటర్‌ని తీసుకెళ్ళు. ఆగి ఉన్న మిషన్ చూసి రావద్దు. నీ ప్లేట్లు నువ్వు పట్టుకెళ్ళి, ఐదు వందల షీట్లు నడిపించి, మొదటిదీ ఆఖరిదీ లూప్ (భూతద్దం) కింద పెట్టి రంగుల రిజిస్టర్ చూడు. ఇంప్రెషన్ కౌంటర్ అంకెని పెద్దగా నమ్మకు, షీటుని పట్టుకునే గ్రిప్పర్లు, రోలర్లు ఎంత అరిగాయో ఆపరేటర్ చెప్తాడు.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదుగా? పన్నెండు నెలల రిజిస్టరు, ఒక్కో జాబుకి ఎన్ని షీట్లో సహా, ఫొటోలు తీసి పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య