స్మార్ట్ స్పీకర్: మోజు తీరాక మిగిలిన పనులు

"స్మార్ట్ స్పీకర్ ఉన్నవాళ్లు రోజూ దాన్ని దేనికి వాడుతున్నారు? పాటలకి తప్ప ఇంకెందుకైనా పనికొస్తుందా?" అని అడిగారు. నోటితో అడిగితే బదులిచ్చి, చెప్పిన పని చేసే ఈ స్పీకర్ మా ఇంట్లోకి వచ్చి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు రెండున్నాయి, వంటింట్లో ఒకటి, అత్తయ్య గదిలో ఒకటి. హాల్లో మూడోది ఉండేది, తీసేశాం. ఎందుకో కింద చెప్తాను.

నా మటుకు నాకు చేతులు ఖాళీ లేనప్పుడు, కళ్లు ఆననివాళ్లకి ఎప్పుడైనా అది పనికొస్తుంది. మిగతా అన్నిటికీ చేతిలో ఉన్న ఫోనే నయం.

మొదటి నెల అందరిలాగే దాంతో ఆడుకున్నాం. జోకులు చెప్పమనడం, జంతువుల అరుపులు అరవమనడం. మా వాడైతే "నీకు పెళ్లయిందా" అని రోజూ అడిగేవాడు. మూడు వారాలకి వాడికీ విసుగొచ్చింది. ఫోన్‌లో దాని యాప్‌లో కనిపించిన స్కిల్స్ (స్పీకర్‌కి అదనంగా నేర్పే పనులు) అన్నీ ఉత్సాహంగా ఎక్కించాను కానీ, వాటిలో ఇవాళ ఒక్కటీ వాడటం లేదు.

నిలబడింది టైమర్. 2014లో అమెజాన్ ఎకో అనే తన మొదటి స్మార్ట్ స్పీకర్ తెచ్చింది, తర్వాత గూగుల్, ఆపిల్ కూడా వచ్చాయి, ఇంత టెక్నాలజీ పెట్టి చివరికి గుడ్లు ఉడకబెట్టే టైమరా అని మా ఆయన వెక్కిరిస్తారు. వంట చేసేవాళ్లకి తెలుస్తుంది దాని విలువ. చేతులనిండా పిండి, పొయ్యి మీద ఒకటి, ఓవెన్‌లో ఒకటి, అవతల వాషింగ్ మెషీన్. ఒక్కోదానికి పేరు పెట్టి టైమర్ పెట్టుకోవచ్చు. "ఎగ్స్‌కి ఎనిమిది నిమిషాలు, లాండ్రీకి నలభై" అంటే చాలు, మధ్యలో "ఎగ్స్ టైమర్ ఇంకెంతుంది" అనీ అడగొచ్చు. పేరు పెట్టొచ్చని నాకు ఆర్నెల్లదాకా తెలియదు. రెండు టైమర్లు ఒకేసారి మోగితే ఏది దేనిదో తెలియక, ముందు పొయ్యి ఆపి తర్వాత ఆలోచించేదాన్ని.

టైమర్ తర్వాత సరుకుల లిస్టు. డబ్బా అడుగు గోకుతున్నప్పుడే కదా అయిపోయిందని తెలిసేది. అప్పుడే నోటితో అనేస్తే లిస్టులో పడుతుంది, బయట ఉన్న మా ఆయన ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఒకసారి సోప్ అంటే సూప్ అని రాసుకుంది, ఆయన సూప్ ప్యాకెట్లు పట్టుకొచ్చారు. అప్పటినుంచి ఏమి రాసుకుందో తిరిగి చెప్పేదాకా అక్కడే నిలబడతాను.

పాటల సంగతి. తెలుగు పాట పేరు చెప్తే మాది ఏదేదో వినిపిస్తుంది. దీనికి చిట్కా ఉంది. ఫోన్‌లో మీకు కావాల్సిన పాటలన్నీ ఒక ప్లేలిస్టులో పెట్టి, దానికి 'మార్నింగ్' లాంటి తేలికైన ఇంగ్లీషు పేరు పెట్టండి. ఆ పేరు పిలిస్తే తప్పు పోదు.

ఇక అత్తయ్య. గ్లకోమా అనే కంటి జబ్బు వల్ల ఆవిడకి చూపు బాగా తగ్గింది. టచ్ ఫోన్ అంటే భయం, ఎక్కడ వేలు పడితే ఏమవుతుందో అని. రాత్రి మెలకువ వస్తే టైమెంతయిందో తెలియక లేచి, తడుముకుంటూ లైటు వేసి, గడియారానికి ముఖం ఆనించి చూసేవారు. పడిపోతారేమోనని మాకు టెన్షన్. స్పీకర్ పెట్టాక పక్కమీద నుంచే అడుగుతున్నారు.

మా దానికి తెలుగు రాదు. అందుకని మా ఆయన ఒక అట్ట మీద నల్ల మార్కర్‌తో, అరచేతంత అక్షరాలతో, తెలుగు లిపిలోనే ఐదు ఇంగ్లీషు వాక్యాలు రాసిచ్చారు. 'వాట్ టైమ్ ఈజ్ ఇట్', 'లైట్ ఆన్', 'లైట్ ఆఫ్', 'స్టాప్', 'కాల్ హోమ్'. చివరిది నా ఫోన్‌కి కాల్ వచ్చేలా సెట్ చేసింది. వారంలో కంఠతా వచ్చేశాయి. ఆవిడ అలవాటు కొద్దీ చివర "అమ్మా" అని కలుపుతారు, "వాట్ టైమ్ ఈజ్ ఇట్ అమ్మా" అని. దానికీ అర్థమవుతుంది. టైము చెప్పాక "సరే, పడుకో" అంటారు దాంతో. మొదట్లో మేం నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు మా వాడు కూడా అంటున్నాడు.

అత్తయ్య కంటి చుక్కలకి ఉదయం ఏడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ రిమైండర్ పెట్టాం. ఇక్కడ మాత్రం నా అనుభవం గట్టిగా చెప్పాలి. అది మోగినంత మాత్రాన మందు పడినట్టు కాదు. ఒక ఉదయం ఆవిడ స్నానానికి వెళ్లిన టైములో మోగింది, రెండుసార్లు చెప్పి ఊరుకుంది. చుక్కలు వేసుకోలేదని రాత్రి దాకా ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి పావుగంట తేడాతో రెండో రిమైండర్ పెట్టాం. దాంతోపాటు క్యాలెండర్ మీద టిక్కు పెట్టే పని మా వాడికి అప్పజెప్పాం. స్పీకర్ గుర్తుచేస్తుంది, అంతే. చూసుకోవాల్సింది మనిషే.

లైట్ల గురించి ఎవరూ ముందు చెప్పని సంగతులు రెండు మూడున్నాయి. స్పీకర్ మాట వినే స్మార్ట్ బల్బు పెట్టాక గోడ మీద స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. ఇంటికొచ్చిన చుట్టం ఎవరో అలవాటుగా స్విచ్ ఆపేస్తారు, ఇక మీరు ఎంత అరిచినా బల్బు వెలగదు. బల్బుల పేర్లు దగ్గర దగ్గరగా పెట్టొద్దు. మేం ఒకదానికి బెడ్ లైట్, ఇంకోదానికి బెడ్‌రూమ్ లైట్ అని పెట్టి, అది ఏది ఆర్పుతుందో తెలియక నానా తంటాలు పడ్డాం. మామూలు వస్తువుల్ని కూడా మాటతో ఆన్, ఆఫ్ చేయించే స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే (రౌటర్ ఇచ్చే సిగ్నల్ రకాల్లో ఒకటి) కలుస్తాయి. కలవడం లేదంటే ప్లగ్గును తిట్టే ముందు రౌటర్ సెట్టింగ్ చూడండి.

బల్బుల సంగతి ఇంకొకటి మాత్రం మర్చిపోలేను. ఒక అర్ధరాత్రి కరెంటు పోయి, రెండింటికి వచ్చింది. వచ్చీ రాగానే ఇంట్లో స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారిగా ఫుల్ వెలుగుతో వెలిగాయి. దొంగలు పడ్డారని లేచి కూర్చున్నాం. చాలా బల్బులు కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యేలాగే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. పాత స్థితిలోనే ఉండమనే సెట్టింగ్ వాటి యాప్‌లో ఎక్కడో మూల ఉంటుంది. బల్బు బిగించిన రోజే వెతికి మార్చుకోండి.

ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటివి మాత్రం మాటతో ఆన్ చేసే ఏర్పాటు మేం పెట్టుకోలేదు. గదిలో ఎవరూ లేనప్పుడు అవి వేడెక్కడం నాకు ఇష్టం లేదు. తలుపు తాళం సంగతీ అంతే.

హాల్లోది ఎందుకు తీసేశామంటే, టీవీ వల్ల. 'అలెక్సా' లాంటి పిలుపు మాట వినబడిందో లేదో స్పీకర్ తనలో తానే చూసుకుంటుంది, వినబడ్డాకే మన గొంతు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకి వెళ్తుంది. అయితే ఆ మాటకి దగ్గరగా ఉండే ఏ శబ్దం విన్నా పొరబడుతుంది. ఒకరోజు యాప్‌లో వాయిస్ హిస్టరీ, అంటే అది రికార్డు చేసుకున్న మాటలు, తెరిచి విన్నాను. సీరియల్ డైలాగులు, మధ్యలో నేనూ మా ఆయనా బ్యాంకు లోను గురించి వాదించుకున్న నాలుగు ముక్కలు. మా గొంతులు మేమే అలా వినడం ఏదోలా అనిపించింది. అన్నీ చెరిపేసి, ఆటోమేటిక్‌గా చెరిగిపోయే సెట్టింగ్ పెట్టి, హాల్లోదాన్ని పెట్టెలో పెట్టేశాను. ఇలాంటి క్లిప్పుల్లో కొన్నిటిని ఆయా కంపెనీల తరఫున మనుషులే వింటున్నారని 2019లో పెద్ద గొడవే అయింది, ఆ తర్వాతే సెట్టింగులు మార్చారు.

నోటిమాటతో ఆర్డర్ పెట్టే సౌకర్యం ఉంటే ఆపేయండి, లేదా పిన్ పెట్టండి. 2017 జనవరిలో అమెరికాలో ఒక చిన్నపిల్ల స్పీకర్‌ని అడిగి బొమ్మరిల్లు తెప్పించుకుంది. ఆ వార్తను శాన్ డియాగోలో ఒక టీవీ యాంకర్ చదువుతూ ఆ పిల్ల అన్న మాటే తానూ అనేసరికి, చూస్తున్నవాళ్ల ఇళ్లలోని స్పీకర్లు కూడా బొమ్మరిల్లు ఆర్డర్ చేయబోయాయని ఫిర్యాదులొచ్చాయి.

నెట్ పోతే ఏమవుతుందని కూడా అడుగుతారు. దాదాపు ఏమీ చేయదు, సారీ చెప్తుంది. మా దాంట్లో ముందే పెట్టిన అలారం మాత్రం మోగింది.

కొనాలనుకుంటే ముందు ఒక్కటే, అదీ చిన్నది తీసుకోండి. గట్టిగా పాటలు వినేవాళ్లకే పెద్దది కావాలి. గోడకి జానెడు ఎడంగా, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ టీవీకీ దూరంగా, నీళ్లు చిందని చోట పెట్టండి. మొదటి ఎకోలోనే ఏడు మైకులుండేవి, కాబట్టి గది అవతల నుంచి మామూలుగా మాట్లాడినా వింటుంది, అరవక్కర్లేదు. ముఖ్యమైన మాటలు మాట్లాడుకునేటప్పుడు మా దాంట్లో అయితే పైనున్న మైకు బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఇక వినదు. మా ఇంట్లో మాత్రం అత్తయ్య గదిలోదానికి ఆ బటన్ ఎవరూ ముట్టుకోకూడదని రూలు. ఒకసారి మా వాడు నొక్కి మర్చిపోతే, రాత్రంతా ఎంత పిలిచినా పలకలేదని తెల్లారాక ఆవిడ చాలా నొచ్చుకున్నారు, నామీద కాదు, దానిమీద.