గదిలో కూర్చుని జాబిక్స్ ఎక్కిస్తున్న అబ్బాయి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అబ్బాయి డిప్లొమా అయి ఆరు నెలలైంది. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ అని కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టి జాబిక్స్ అనేదేదో ఎక్కిస్తాడు, చెడిపోయిందంటాడు, మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తాడు. విశాఖలో క్లౌడ్ కోర్సుకు లక్ష అడుగుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: మీ బెంగ కోర్సు గురించి కాదండీ. ఈడు పిల్లలు ఊరు దాటుతుంటే మీవాడు గదిలో ఉండిపోయాడని. వాడు ఆడుకోవడం లేదు. జాబిక్స్ అంటే నెట్‌వర్క్‌కు కాపలా కాసే సాఫ్ట్‌వేర్. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్లో షిఫ్టువాళ్లు రాత్రంతా చూసే తెరల వెనక ఉండేది ఇలాంటిదే.

అయితే ఊరికే మళ్లీ ఎక్కించడం మానమనండి. తప్పు చాలాసార్లు జాబిక్స్‌ది కాదు. వర్చువల్ మెషిన్‌ను నడపడానికి వాడేది వర్చువల్‌బాక్స్ అయితే, అది మామూలుగా నెట్‌వర్క్‌ను న్యాట్‌లో, అంటే తన చాటున పెడుతుంది, మెషిన్‌కు 10.0.2.15 అనే ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇస్తుంది. లోపలినుంచి బయటికి పోవచ్చు గానీ బయటినుంచి లోపలికి దారి ఉండదు. అందుకే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోదు, రౌటర్ యూడీపీ 162 పోర్టు (డేటా వచ్చే ద్వారం) మీద తనంతట తాను పంపే హెచ్చరిక, ట్రాప్, చేరదు. మెషిన్ నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో చేరే బ్రిడ్జ్‌డ్‌కు మార్చి, మారని ఐపీ ఇవ్వాలి. వైఫై మీద మొరాయిస్తే కేబుల్ గుచ్చాలి. ఆ మెషిన్‌లోంచే రౌటర్‌కు ఎస్ఎన్ఎంపీ వాక్ కొట్టి, అంటే దాని వివరాలు వరసగా అడిగి చూడాలి. జవాబు రాకపోతే పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ పేరు తప్పో, 161 పోర్టును ఫైర్‌వాల్ ఆపిందో, రౌటర్లో ఎస్ఎన్ఎంపీ ఆన్ చేయలేదో అయ్యుంటుంది. ప్రతి మార్పుకు ముందు స్నాప్‌షాట్ (మెషిన్ అప్పటి స్థితికి నకలు) తీసుకుంటే వెనక్కి రావడం నిమిషాల పని. కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే లోపలి డేటాబేస్ పాడవ్వచ్చు, కాబట్టి లేచేముందు మెషిన్‌ను పద్ధతిగా ఆపాలి.

ఇక క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకునే సర్వర్ల పని. అది మంచి దారే, నా అనుమానం దాన్ని అమ్మే తీరు మీద. మూడు నెలలు బటన్లు నొక్కడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అక్కడా సర్వర్‌లోని పేజీ తెరుచుకోకపోతే చూడాల్సింది పోర్టూ, ఐపీ, దారీనే. అది తెలియనివాడికి లక్ష కట్టినా లాభం లేదు, తెలిసినవాడికి అంత కట్టాల్సిన పనిలేదు. ఉద్యోగం ఖాయమని వాళ్లంటే, కాగితం మీద రాసిమ్మనండి, ఎంతమంది రాస్తారో చూద్దాం.

మీరూ ఒక మాట పడాలి. "ఇంకా అదేనా" అని రోజూ తలుపు దగ్గర నిలబడి అడగకండి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంటే మెషిన్‌కు 4 జీబీకి మించి ఇవ్వడం కష్టం. స్లాట్ ఉంటే 16కి పెంచండి, లక్షలో అదెంత? చెడిన ప్రతిసారీ ఏం చెడిందో, ఎందుకో, దేనితో బాగైందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఇంటర్వ్యూలో అడిగేది అదే. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చుంటే, పరికరాలు ఉన్నచోటివాళ్లతో ఫోన్లో మాట్లాడే షిఫ్టు ఉద్యోగాలకు ఇప్పుడే అప్లై చేయమనండి. క్లౌడ్ సంగతి జీతం వచ్చాక వాడే చూసుకుంటాడు.