అభిమాన రచయితను కలిస్తే ఏం మాట్లాడాలి?

తప్పకుండా వెళ్లండి. మీ అభిమాన రచయిత వచ్చే శనివారం విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపుకి సంతకాలు చేయడానికి వస్తున్నారు, ఎదుట నిలబడితే ఏం మాట్లాడాలో తెలియడం లేదు, దగ్గరున్న పాత కాపీ మీద సంతకం అడగొచ్చా అని కదా మీరు అడిగింది. మాటల సంగతి ముందు చెప్తాను. "మీ రచనలంటే చాలా ఇష్టమండీ" అని అందరూ అంటారు, మీరూ అనండి. కానీ అక్కడితో ఆగిపోవద్దు. మీ మనసులో ఉండిపోయిన ఒక్క కథ పేరు చెప్పండి. అందులో ఏ చోట ఆగిపోయారో, అది మీ ఇంట్లో ఏ సంగతిని గుర్తుచేసిందో చెప్పండి. రెండు నిమిషాలు చాలు.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది గుంటూరు. నా చిన్నప్పుడు మా అమ్మ మిర్చి గోడౌన్లలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. పని లేని రోజులు వేరు, సీజన్ రోజులు వేరు. ఫిబ్రవరి మొదలుకొని ఎండలు ముదిరేదాకా సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మ దగ్గరికి మేం పరిగెత్తుకెళ్తే రెండు చేతులూ పైకెత్తేసేది. మమ్మల్ని ముట్టుకుంటే మాకు మంట. అప్పట్లో మాకది అర్థమయ్యేది కాదు.

ఇంటర్ చదివే రోజుల్లో విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర ఒక కథల సంపుటి కొన్నాను. రాసినావిడ పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఆవిడ నాతో మాట్లాడినవి నలుగురిలో చెప్పినవి కావు కాబట్టి అలా వదిలేయడమే మర్యాద. అందులో ఒక కథలో అచ్చం మా అమ్మ లాంటి మనిషే ఉంది. పిల్లాడి ముక్కు కారుతుంటే వేళ్లతో తుడవలేక, మోచెయ్యి వంచి దాంతో తుడుస్తుంది. అంతే, రెండు వాక్యాలు. ఏడుపులు, ఉపన్యాసాలు ఏమీ లేవు. ఆ పేజీ చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. మా బతుకు కూడా పుస్తకంలో ఉండొచ్చని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన తర్వాత, ఆవిడ కొత్త సంపుటి వచ్చిందనీ, ఏలూరు రోడ్డు షాపులో పాఠకులను కలుస్తారనీ తెలిసింది. కాగితాల మీద కార్ల్ మార్క్స్ రోడ్డు అని రాసినా జనం నోట్లో అది ఏలూరు రోడ్డే. విశాలాంధ్ర, నవోదయ, ప్రజాశక్తి లాంటి పుస్తకాల షాపుల పేర్లు వినబడేది ఆ వీధిలోనే కాబట్టి, ఏ ఊరి రచయితైనా బెజవాడ వస్తే అటు ఒకసారి తొంగి చూడకుండా పోరు. కౌంటర్ పక్కన చిన్న బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పేపర్ కప్పుల్లో టీ. తోపులాట ఉంటుందేమో అనుకుంటూ వెళ్లాను. ఆవిడ స్నేహితులు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, షాపు వాళ్లు, అంతే. వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫొటో దిగి, నమస్కారం పెట్టి వెళ్లిపోతున్నారు.

నా వంతు వచ్చింది. కొత్త పుస్తకం ఇచ్చాను, పేరు చెప్పాను. తర్వాత, "మీ ఫలానా కథలో ఆవిడ మోచేత్తో ముక్కు తుడుస్తుంది కదమ్మా, మా అమ్మ కూడా అలాగే తుడిచేది" అన్నాను. రాస్తున్న పెన్ను ఆగింది. క్యాప్ పెట్టేసి, "కూర్చోమ్మా" అని పక్క కుర్చీ చూపించారు.

"రాత్రి చేతులకి ఏం రాసుకునేది?"

"మజ్జిగలో ముంచుకునేదండీ. తర్వాత కొబ్బరినూనె."

"తగ్గేదా?"

"పూర్తిగా తగ్గేది కాదు. అన్నం మాత్రం చెంచాతో తినేది. మేమంతా చేత్తో తింటుంటే అమ్మ ఒక్కతే చెంచాతో."

ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూశారు. "ఇది నాకు తెలియదమ్మా. తెలిసుంటే కథలో పెట్టేదాన్ని" అన్నారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న నోట్‌బుక్ తీసి, "చెంచా" అని రాసి కింద గీత గీశారు. మా అమ్మ పేరు అడిగి పక్కన అదీ రాసుకున్నారు. ఇప్పుడెలా ఉన్నారు, ఆ పని ఎప్పుడు మానేశారు, కూలీ ఎలా ఇచ్చేవాళ్లు అని ఒక్కొక్కటే అడిగారు. అడగడానికి వెళ్లినదాన్ని నేను, అడుగుతున్నది ఆవిడ.

అప్పుడే ఇంకో మాట చెప్పారు. ఆ కథ మొదట ఒక వారపత్రికలో వచ్చింది. అప్పట్లో కథ కింద రచయిత చిరునామా వేసే అలవాటు ఉండేది, పాఠకులు పోస్టుకార్డు రాసేవాళ్లు. పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు, "మా ఊళ్లో ఇలా కాదండీ" అని దిద్దేవాళ్లు. "ఇప్పుడు పుస్తకం ఎవరు చదువుతున్నారో, ఏమనుకుంటున్నారో తెలియడం లేదు" అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఉన్న విషయం చెప్పినట్టే.

ఆ మాట నాలో ఉండిపోయింది. తెలుగులో కథల పుస్తకం 500 కాపీలో, 1000 కాపీలో వేయడం మామూలు. చాలామంది సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకుంటారు. కొన్ని కట్టలు డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి, కొన్ని మంచం కిందికి. ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క ఎప్పుడో వస్తుంది. కొన్నవాడు ఏ పేజీ దగ్గర ఆగాడో ఆ లెక్కలో ఉండదు. అది చెప్పగలిగేది మీరే. అందుకే నేనేం మాట్లాడగలను అని బెదరకండి. విమర్శకుడిలా శిల్పం, శైలి అని మాట్లాడక్కర్లేదు. కథలో ఏదైనా నచ్చకపోతే అదీ చెప్పొచ్చు, మర్యాదగా చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

పాత కాపీ సంగతి. నిక్షేపంగా తీసుకెళ్లండి. ఆ రోజు కొత్త పుస్తకంతో పాటు లెనిన్ సెంటర్‌లో కొన్న పుస్తకం కూడా తీసుకెళ్లాను. మొదటి పేజీలో ఎవరిదో పేరు, అట్ట అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఇవ్వడానికి మొహమాటపడ్డాను గానీ ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని, "ఈ ముద్రణ నా దగ్గర కూడా లేదు" అంటూ పేజీలన్నీ తిరగేశారు. నాకు ముందు చదివినవాళ్ల పేరు కిందే సంతకం చేశారు. నలిగిన పుస్తకమంటే చదివిన పుస్తకమని రచయితకు తెలియదా? కాకపోతే ఆ షాపులో కొత్త పుస్తకం ఒక్కటైనా కొనండి. చోటిచ్చి, కుర్చీలేసి, టీ తెప్పించింది వాళ్లు. ముందు బిల్లు వేయించుకుని తర్వాత బల్ల దగ్గరికి వెళ్తే అందరికీ బాగుంటుంది.

ఇంకొన్ని చిన్న సంగతులు. మీ పేరు ఎలా రాయాలో చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వండి, ఆ సందట్లో సగం వినబడదు. సంతకం లోపలి పేజీ మీద అడగండి, నున్నటి అట్ట మీద సిరా అలుక్కుపోతుంది. పెద్దవాళ్లయితే నమస్కారం చాలు. కాళ్లకు దండం పెడితే చాలామంది రచయితలు ఇబ్బంది పడటం చూశాను. "గారు" అన్నా, "అమ్మా", "సార్" అన్నా సరే, ఆంటీ, అంకుల్ మాత్రం వద్దు. ఫొటో మాటలయ్యాక. మీరు రాసుకున్న కవితలో, కథలో ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉంచండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. వెనక మనుషులు నిలబడి ఉండగా చేతిలో ఫైలు పెడితే ఏ రచయితైనా చదవనూ లేరు, కాదననూ లేరు. పంపొచ్చా అని అడిగి, ఒప్పుకుంటే తర్వాత పంపండి.

శనివారం కుదరకపోతే దిగులు పడకండి. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతుంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగేది, అక్కడ అంబేడ్కర్ విగ్రహం వచ్చాక వేరేచోట్ల పెడుతున్నారు. సాయంత్రాలు రచయితలు తమ ప్రచురణకర్తల స్టాళ్ల దగ్గర కనిపిస్తూ ఉంటారు. సెలవు రోజు కాకుండా మామూలు రోజు, స్టాళ్లు తెరిచిన వేళకే వెళ్తే తీరిగ్గా మాట్లాడొచ్చు.

అసలు ఇంకా ముందే చేయగలిగింది ఒకటుంది. మీ దగ్గరున్న పుస్తకంలో, వెల, ముద్రణ వివరాలు ఉండే పేజీ తీయండి. "ప్రతులకు" అన్నచోట చాలా పుస్తకాల్లో రచయిత చిరునామా, ఫోన్ నంబరే ఉంటాయి. పాఠకులు పలకరిస్తారనే వేస్తారు. పొద్దున్నే కాకుండా ఓ పదిన్నరకు ఫోన్ చేసి, ఫలానా ఊరినుంచి మీ పాఠకుణ్నని చెప్పి, శనివారం ఎన్నింటికి వస్తారో అడగండి.