ముందు ఆవుల పేర్లు అడుగు

అచ్చంపేట

బిడ్డా,

నీ వాట్సాప్ మెసేజ్ చూశాను. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం నల్లమలలో అమ్రాబాద్ గుట్టల మీద పొడ తూర్పు జాతి పశువులు పెంచే లంబాడీ తండా ఒకటి ఎంచుకుని దాని చరిత్ర, అక్కడివాళ్ల రోజువారీ బతుకు రాస్తానన్నావు. చాలా సంతోషమేసింది. ఫోన్లో చెబుదామంటే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా. చరిత్ర నేనేం చదవలేదు, పశువులకు సూదులేసినవాణ్ణి. కానీ ముప్పై రెండేళ్ల సర్వీసులో పందొమ్మిదేళ్లు ఆ గుట్టల మీదే తిరిగాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నా.

నువ్వు పంపిన ప్రశ్నల కాగితంలో మొదటిది, 'మీ గ్రామం ఎప్పుడు ఏర్పడింది?' రెండోది, 'మీకు ఎన్ని పశువులు ఉన్నాయి?' ఆ రెండూ కొట్టేయ్.

రెండో ప్రశ్న నేనూ అడిగి దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తండాకు పోయి, చెట్టు కింద కూర్చున్న పెద్దాయన్ను రిజిస్టరు తెరిచి "ఎన్ని ఆవులు?" అన్నాను. "దేవుడిచ్చినన్ని" అన్నాడు. ఇంకోసారి అడిగితే లేచి లోపలికి పోయాడు. సాయంత్రం దాకా ఎవరూ మంచినీళ్లు కూడా అడగలేదు. ఆవులెన్ని అనడం బ్యాంకులో డబ్బెంత అనడం లాంటిదని తర్వాత తెలిసింది. దిష్టి భయం ఒకటి, పైగా అడిగేవాడు అడవి శాఖ మనిషా, అప్పిచ్చినవాడి మనిషా అన్న అనుమానం ఇంకొకటి. కాగితం, పెన్ను చేతిలో ఉన్నవాళ్లందరూ వాళ్ల కళ్లకు ఒకటే.

మొదటి ప్రశ్నతో వచ్చే చిక్కు వేరు. ఊరు ఎప్పుడు పుట్టిందంటే "ముత్తాతల నాటి నుంచి" అంటారు. నువ్వు అదే రాసుకుని వస్తావు. దాంతో నీకు ఒరిగేదేం లేదు.

నన్నడిగితే ఆవు దగ్గర మొదలుపెట్టు. మందలో బాగున్న ఆవునొకదాన్ని చూపించి "దీని పేరేంటి, దీని తల్లేది?" అని అడుగు. 1990లో ఒక నాయక్ తాత దగ్గర నేను గంటసేపు కూర్చున్నది ఇలాగే. ఆయన ఆవు కాలికి పురుగు పడితే మందు పెట్టడానికి పోయాను. మందు పెడుతూ ఊరికే అడిగాను, తల్లి కూడా ఇలాగే పొడలదేనా, మచ్చలదేనా అని. అంతే, మొదలుపెట్టాడు. దీని తల్లి మా చిన్నోడు పుట్టిన వానాకాలం పుట్టింది, ఎర్రపొడ. దాని తల్లి తెల్లపొడ, దాన్ని చిరుత కొట్టింది. నాలుగో తరం ఆవు మా అక్క పెళ్లికి ఓలి కింద, అంటే కన్యాశుల్కంగా, మా ఇంటికొచ్చింది. అట్లా వేళ్లు మడుస్తూ ఏడు తరాలు వెనక్కి పోయి, ఆ ఏడోది దూడగా ఉన్నప్పుడే రజాకార్ల భయానికి మందనంతా లోయలోకి తోలి దాచామన్నాడు. ఆయన తాత పేరు ఆయనకు గుర్తు రాలేదు చూడు, ఆవు అమ్మమ్మ అమ్మమ్మ రంగు మాత్రం గుర్తుంది.

ఆ రాత్రి బస్సులో కూర్చుని లెక్కేశాను. పొడ ఆవు మొదటిసారి ఈనడం ఆలస్యం, తరానికి ఆరేళ్లు వేసుకోవచ్చు. ఏడు ఆర్లు 42. 1990లోంచి తీసేస్తే 1948, పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది. ప్రతిసారీ ఇంత బాగా కుదరదులే, నాలుగైదేళ్లు అటూ ఇటూ అవుతుంది. తప్పుందేమో చూసుకోవడానికి ఆ పల్లెల్లో ఇంకో గడియారం ఉంది, కృష్ణా పుష్కరాలు. "పుష్కరాలకు ముందా, తర్వాతా?" అంటే చదువురాని ముసలమ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది. 1968, 1980, 1992, 2004, 2016 గుర్తుపెట్టుకో. డెబ్బై రెండు కరువు, శ్రీశైలం డ్యాం నీళ్లు నిలిచిన కాలం కూడా గుర్తులే.

ఇంకొకటి పశువుల రోగం. ముసర పేరు వినే ఉంటావు, పెద్దరోగం అని కూడా అంటారు. అది తగిలితే మందలు మందలే ఊడ్చుకుపోయేవి. మన దేశంలో దానికి టీకాల కార్యక్రమం 1954లో మొదలైంది, ఆఖరి కేసు 1995లో, 2011లో ప్రపంచం మొత్తంలోనే అది లేదని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా పోయిన రోగం ఇదొక్కటే. ముసర వచ్చిన ఏడాది ఎవరు ఎక్కడికి వలసపోయారు, ఎవరి మందలో ఎన్ని మిగిలాయి అని ముసలివాళ్లను అడుగు. తండాలు ఎందుకు జాగా మారాయో చాలావాటికి జవాబు అక్కడ దొరుకుతుంది.

రోగాల మాట వచ్చింది కాబట్టి, వీలైతే ఆషాఢంలో సీత్లా భవాని పండుగకు ఒకసారి పోయిరా. నేను చూసిన చోట ఊరి బయట చెట్టు కింద వరసగా ఏడు రాళ్లు నిలబెట్టారు, ఏడుగురు అక్కచెల్లెళ్లు. ఆడవాళ్లు గిన్నెల్లో లాప్సీ అనే తీపి వంటకం, ఉడకబెట్టిన జొన్న, శనగ గుగ్గిళ్లు తెచ్చారు. మొక్కు అయ్యాక మందనంతా అమ్మవార్ల ముందు నుంచి దాటించారు, పశువులు పోతుంటే వాటి వీపుల మీద గుగ్గిళ్లు చల్లారు. వందల గిట్టల కింద లేచిన దుమ్ములో ఆ గింజలు టపటప రాలుతుంటే నేను టీకాల ఫ్లాస్కు చంకన పెట్టుకుని పక్కన నిలబడ్డాను. ఒక అవ్వ నా నెత్తిన కూడా గుప్పెడు చల్లి, నువ్వూ అదే పని మీదే కదా వచ్చావు అంది. వానల మొదట్లో గొంతువాపు, జబ్బవాపు టీకాలు మేం వేసే రోజులూ అవే మరి. నువ్వు దాన్ని మూఢనమ్మకం అని రాయకు.

ఇక రోజువారీ బతుకు. అది అడిగితే తెలిసేది కాదు, మందతో ఒక రోజు నడవాల్సిందే. తెల్లవారకముందే ముళ్లకంప వేసిన దొడ్డిలో ఆడవాళ్లు పేడ ఎత్తుతుంటారు. పాలు పిండేది కొన్ని ఆవులకే, అదీ కొంచెమే. ఈ ఆవును పూర్తిగా పిండినా రోజుకు రెండు మూడు లీటర్లు దాటదు. మిగతా పాలన్నీ దూడకే వదులుతారు, ఎందుకంటే వాళ్ల ఆదాయం పాలు కాదు, కోడె. గట్టి గిట్టలు, రాళ్లలోనూ బురదలోనూ ఆగని నడక, అదే అమ్ముడుపోయేది. మంచు ఆరాక కంప జరుపుతారు. మెడలో గంటున్న ఆవు ముందు నడుస్తుంది, కాపరి వెనక. చేతిలో గొడ్డలి, మూటలో జొన్నరొట్టె, కారం. ముక్కుతాళ్లు ఉండవు, పలుపులు ఉండవు, అతను నాలుకతో చేసే చప్పుడే తాడు. మధ్యాహ్నం నీళ్ల దగ్గర పడుకోబెడతారు. అప్పుడే నువ్వు మాట్లాడాల్సింది. నడిచేటప్పుడు మాట్లాడితే వాడి చెవి మంద మీద ఉంటుంది, ఒక్క మాట సరిగ్గా చెప్పడు.

సాయంత్రం దొడ్డి దగ్గర చదునైన బండ మీద ఉప్పు పోయడం చూడు. ఆవులు నాకీ నాకీ ఆ రాయి నున్నగా అద్దంలా అయిపోతుంది. అది ఎన్నేళ్ల నుంచి అక్కడుందో అడుగు. ఉప్పుకీ వాళ్లకీ పాత బంధమే. మొఘలు సైన్యాలు దక్కనుకు దిగిన రోజుల్లో ధాన్యం, ఉప్పు మోసినవి లంబాడీల ఎడ్ల బిడారులే. లవణం నుంచే వాళ్లకు లమాణీ అనే ఇంకో పేరు వచ్చిందని కొందరు పండితులంటారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఎడ్లు మిగిలాయి, గడ్డి ఉన్న చోట మనుషులు ఆగిపోయారు. తండా ఎప్పుడు ఏర్పడింది అన్న నీ ప్రశ్నకు పెద్ద జవాబు ఇదే, చిన్న జవాబు ఆవుల వంశంలో వెతుక్కోవాలి.

పొడ తూర్పు అన్న పేరులో కూడా చరిత్ర ఉంది. పొడ అంటే మచ్చ, అది సరే. తూర్పు అన్నది మాత్రం పెంచినవాళ్లు పెట్టిన పేరు కాదు, కొన్నవాళ్లు పెట్టింది. పడమటి పాలమూరు, రాయచూరు వైపు రైతులకు ఈ కోడెలు తూర్పు గుట్టల నుంచి వచ్చేవి కాబట్టి తూర్పు. అంటే నీ ఊరి చరిత్రలో సగం ఊరి బయట, అంగడిలో ఉంది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పో. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లను చూస్తావు, ధర పక్కవాడికి తెలియదు. కొనేవాడు వయసు తెలుసుకోవడానికి ముందు కోడె నోరు తెరిచి పళ్లు చూస్తాడు, రెండు పళ్లా, నాలుగా, ఆరా అని. తర్వాత ఒంటి మీది వెంట్రుకల సుడులు. నేను సుడులు నమ్మను, కానీ చెడ్డ సుడి ఉందని మంచి కోడె సగం ధరకు పోవడం కళ్లారా చూశాను. ట్రాక్టర్లు వచ్చాక ఈ బేరం ఎంత పడిపోయిందో అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ ఇద్దరినీ అడుగు.

కాగితాలు కూడా చూడు, కానీ నమ్మేముందు ఆలోచించు. ఐదేళ్లకోసారి పశుగణన ఉంటుంది, మొదటిది 1919-20లో. పాత ఇళ్లలో పుల్లరి రసీదులు దొరికితే బంగారమే. అడవిలో మేపినందుకు కట్టిన పన్ను అది. కృష్ణకు అవతల పల్నాడులో ఆ పుల్లరి మీదే కదా కన్నెగంటి హనుమంతు పోరాడి 1922లో ప్రాణం ఇచ్చాడు. పశువుల ఆసుపత్రి రిజిస్టర్లు కూడా అడుగుతావేమో, అందులో ఒకటి నేనే పాడుచేశాను, చెప్పుకోవాలి. ఒక వానాకాలం పైరు వేశాక మందలన్నీ అడవి లోపలికి పోయాయి. వాగు పొంగి నేను దాటలేకపోయాను. టార్గెట్ టెన్షన్, పైనుంచి ఫోన్ మీద ఫోన్. మూడు వందల పశువులకు టీకా వేసినట్టు రాసి సంతకం పెట్టాను. తర్వాత పోయి వేశాను గానీ అవి రెండు వందలు కూడా లేవు. ఆ మూడు వందలు ఇప్పటికీ ఏదో లెక్కలో కూర్చుని ఉంటాయి. నువ్వు దాన్ని ఎత్తి రాస్తే ఆ తప్పు నీది కూడా అవుతుంది.

అడవి సంగతి జాగ్రత్తగా రాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో వచ్చింది, రాష్ట్రం విడిపోయాక మన వైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. మేపుకునే హక్కు గురించి 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది, చదువుకుని పో. కాపరి ఒకటి చెబుతాడు, గార్డు ఒకటి చెబుతాడు, ఇద్దరూ రోజూ ఒకే బండ మీద కూర్చుని బీడీ కాల్చేవాళ్లే. చెంచుల మాట కూడా విను. వాళ్ల పెంటలు, అంటే గూడేలు, ఈ మందల కంటే ముందు నుంచీ ఉన్నవి. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు వచ్చి వాళ్ల మధ్యే ఉండి రాసుకున్నాడు. అంత దూరం నుంచి వచ్చినాయన అన్నాళ్లు ఉన్నాడు, నువ్వు రెండు రోజుల్లో వస్తానంటున్నావు.

పాత రోజులు బంగారం అని మాత్రం రాయొద్దు. ఎనిమిదేళ్ల పిల్లల్ని మంద వెనక పంపి బడి మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ పొడ తూర్పును గుర్తింపు పొందిన జాతుల్లో చేర్చినప్పుడు నేను ఇంట్లో స్వీట్లు పంచాను. కానీ ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు, మా ఆవులకు సర్టిఫికెట్ వచ్చింది సార్, నాకే రాలేదు అన్నాడు. అది కూడా రాయి.

పంట కోతలయ్యాక పో, అప్పుడు మందలు ఊరి దగ్గరి చేలల్లో ఉంటాయి. ఎండాకాలం నీళ్ల కోసం లోపలికి పోతే నువ్వు పట్టుకోలేవు. అచ్చంపేటలో నా దగ్గర ఒక రాత్రి ఉండి పొద్దున బస్సెక్కు, మన్ననూరు మీదుగా అమ్రాబాద్. నోట్‌బుక్ మొదటి రోజు సంచిలోంచి తీయకు. ఫొటోకు ముందు అడుగు, దూడల ఫొటోలు అసలే అడగకు. వట్టి చేతులతో పోకు, రాళ్ల ఉప్పు ఒక మూట పట్టుకుపో, నేను కొనిపెడతా.

నాయక్ తాత పోయి చాలా ఏళ్లయింది, వాళ్ల మనవళ్లు ఉన్నారు. వాళ్ల మందలో ఎడమ చెవి దగ్గర అరచేయంత గోధుమ మచ్చ ఉన్న ఆవేదైనా ఉందేమో చూడు. నేను కాలికి మందు పెట్టిన ఆవుకు ఆ మచ్చ ఉండేది. ఉంటే దాని తల్లెవరో అడిగి, వేళ్లు మడుస్తూ 1990 దాకా వెనక్కి పోయి నాకు ఫోన్ చెయ్యి. ఐదారు తరాలు దాటాలి.

నీ మేనమామ