ముందు కాకి లెక్క, తర్వాతే అసలు లెక్క

ప్రశ్న: టీచర్ గారూ నమస్తే. మా పాప ఐదో తరగతి, ఎక్కాలు గడగడా అప్పజెప్తుంది. ఇంట్లో లెక్కలు చేసి ఫోన్లో క్యాలిక్యులేటర్ కొట్టి సరిచూసుకుంటుంది, తప్పొస్తే మళ్ళీ చేస్తుంది, చివరికి అన్నీ కరెక్టే. పరీక్షలో మాత్రం 347 ని 26 తో గుణించమంటే 2776 అని రాసొచ్చింది. రెండుసార్లు చెక్ చేశానమ్మా అంటోంది. ఎక్కడ తేడా కొడుతోందండీ?
- ఒక తల్లి

జవాబు: 2776 చూస్తేనే తెలిసిపోతోందమ్మా పాప ఏం చేసిందో. 347 ని 6 తో గుణించి 2082 రాసింది, కరెక్టు. తర్వాత 2 తో గుణించి 694 రాసింది, అదీ కరెక్టే, కానీ ఆ 2 పదుల స్థానంలో ఉంది కాబట్టి చివర సున్నా పెట్టి 6940 అని రాయాలి, అది మర్చిపోయి 694 నే కలిపేసింది. సున్నా పెట్టుంటే 9022 వచ్చేది. అంటే ఎక్కాలు బానే వచ్చు, గుణకారమూ వచ్చు, పోయిందల్లా ఒక్క సున్నా.

మరి రెండుసార్లు చూసినా ఎందుకు దొరకలేదంటే, చెక్ చేయడం అంటే పిల్లలు చేసినదాన్నే పైనుంచి కిందకి మళ్ళీ చదువుతారు, అప్పుడు ఆరేడులు నలభై రెండు, ఆర్నాలుగులు ఇరవై నాలుగు అన్నీ కరెక్టుగానే కనిపిస్తాయి, లేని సున్నా కంటికెలా కనిపిస్తుంది చెప్పండి. ఇంట్లో ఆ పని ఫోన్ చేసిపెడుతోంది, పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు.

అందుకే లెక్క మొదలుపెట్టకముందే కాకి లెక్క వేయించండి. 347 అంటే 300 కి పైన, 26 అంటే 20 కి పైన, 300 ఇరవైలు 6000. అటువైపు 400, 30 తీసుకుంటే 12000. జవాబు ఈ రెండిటి మధ్యే ఎక్కడో ఉండాలి. ఇదంతా పది సెకన్ల పని, 6000 - 12000 అని పక్కన పెన్సిల్‌తో రాసుకుంటే చాలు, 2776 వచ్చిన క్షణమే ఏదో తేడా ఉందని పాపకే తెలుస్తుంది.

కొంతమంది తొమ్మిదుల చెకింగ్ నేర్పిస్తారు, అంకెలు కలుపుకుంటూ పోయి ఒక్క అంకెకి తెచ్చి చూడటం. 347 లో 3, 4, 7 కలిపితే 14, మళ్ళీ కలిపితే 5. 26 కి 8. ఐదెనిమిదులు నలభై, అంటే 4. జవాబు 9022 అంకెలు కలిపితే 13, అంటే 4. సరిపోయింది. బావుంది కదా, కానీ 2776 కి కూడా చేసి చూడండి, 22 వస్తుంది, అంటే మళ్ళీ 4 యే! సున్నా పోయినా అంకెల మొత్తం మారదు కాబట్టి ఈ తప్పుని ఆ పద్ధతి పట్టుకోలేదు, అంకెలు తారుమారై 9202 అని రాసినా పట్టుకోలేదు. నేర్పితే నేర్పండి, కాకి లెక్క తర్వాతే.

భాగహారంలోనూ ఇదే గొడవ. 816 ని 4 తో భాగించి 24 అని రాసేస్తారు, మధ్యలో సున్నా మింగేస్తారు. 800 లో 4 ఎన్నిసార్లు అని ముందే అడిగితే 200 అని వాళ్ళే చెప్తారు, ఇంక 24 అని రాయరు, 204 దగ్గరికే వస్తారు.

ప్రశ్న: మా వాడు నాలుగో తరగతి. తీసివేతలో సున్నాలుంటే అప్పు తెచ్చుకోవడం దగ్గర గందరగోళమైపోతున్నాడు, 5003 లోంచి 1678 తీసేయమంటే ప్రతిసారీ ఒక్కో జవాబు. సులువు దారి ఏమైనా ఉందా? వేరే పద్ధతిలో చేస్తే స్కూల్లో మార్కులిస్తారా?
- ఒక తండ్రి

జవాబు: ఉందండీ. రెండిట్లోంచీ ఒకే సంఖ్య తగ్గిస్తే తేడా మారదు కదా, కాబట్టి రెండిట్లోంచీ 4 తీసేయండి. 5003 కాస్తా 4999 అయింది, 1678 కాస్తా 1674 అయింది. ఇప్పుడు 4999 లోంచి 1674 తీయడానికి ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనక్కర్లేదు, 3325, అంతే. ఇంకో దారి, కిందనుంచి పైకి ఎక్కడం: 1678 నుంచి 1700 కి 22, అక్కణ్ణుంచి 5000 కి 3300, ఇంకో 3, మొత్తం 3325. నోటిలెక్కకి నాకైతే ఈ రెండోదే ఇష్టం.

మార్కుల సంగతి, స్టెప్పులకి మార్కులుంటే క్లాసులో చెప్పిన పద్ధతిలోనే రాయమనండి, వాదన పెట్టుకోవద్దు. ఈ దారులు రఫ్ వర్క్‌లో సరిచూసుకోడానికి. రెండు వేర్వేరు దారుల్లో ఒకే జవాబు వస్తే దాదాపు కరెక్టే అన్నట్టు.

ప్రశ్న: ఇంకా ఎక్కాలు బట్టీ పట్టించాలా మేడం? షార్ట్‌కట్లు నేర్పిస్తే సరిపోదా?

జవాబు: ఎక్కాలు రావాల్సిందే. కానీ మీరనుకున్నంత బరువేం కాదు. పదో ఎక్కం దాకా వంద లెక్కలు, మూడేడులూ ఏడుమూళ్ళూ ఒకటే కాబట్టి నిజానికి 55. అందులో 1, 2, 5, 10 ఎక్కాలు ఎలాగూ వచ్చేస్తాయి, తొమ్మిదో ఎక్కానికి పది రెట్లలోంచి ఆ సంఖ్యని ఒక్కసారి తీసేయడమే. ఇవన్నీ పోగా మిగిలేవి 15. అందులోనూ పిల్లలు ఎక్కువగా తడబడేది ఏడెనిమిదులు, ఆరెనిమిదులు లాంటి నాలుగైదింటి దగ్గరే, రోజూ వరసగా చెప్పించడం ఆపేసి వాటినే అటూఇటూ తిప్పి అడగండి. షార్ట్‌కట్లు రెండు మూడు చాలు. 48 ని 5 తో గుణించాలంటే సగం చేసి పక్కన సున్నా, 240. 67 ని 99 తో అంటే 6700 లోంచి 67 తీస్తే 6633. ఇరవై షార్ట్‌కట్లు నేర్పితే పరీక్షలో ఏది వాడాలో తేల్చుకునేలోపే టైమైపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి మామూలు లెక్కలు బానే వస్తాయి, మాటల్లో ఇచ్చే లెక్కలొస్తేనే తప్పులు. "ఎక్కువ" అని కనిపిస్తే కూడేస్తుంది, "మిగిలాయి" అంటే తీసేస్తుంది.

జవాబు: అలా గుర్తుపెట్టుకోమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ముందు అది మాన్పించండి. ఈ లెక్క చూడండి: "సీత దగ్గర 35 పూసలున్నాయి. అవి లత దగ్గరున్న వాటికన్నా 8 ఎక్కువ. లత దగ్గర ఎన్ని?" ఎక్కువ అని ఉంది కాబట్టి 43 అనేస్తారు. అసలు అడగాల్సింది, ఎవరి దగ్గర ఎక్కువున్నాయి? సీత దగ్గర. మరి లతవి 35 కన్నా తక్కువే కదా, 27. కొన్నాళ్ళు లెక్క చేయించకుండా "జవాబు పెద్దదొస్తుందా చిన్నదొస్తుందా" అని మాత్రమే అడగండి, రాత పని లేదు కాబట్టి పిల్లలూ విసుక్కోరు.

ప్రశ్న: టైం సరిపోక చివర్లో లెక్కలు వదిలేస్తున్నాడు.

జవాబు: ఒక్క లెక్క దగ్గరే కూర్చుంటున్నాడేమో చూడండి. కదలకపోతే పక్కన చుక్క పెట్టి తర్వాత లెక్కకి వెళ్ళిపోవాలి, అన్నీ అయ్యాక చుక్కలున్న చోటికి రావాలి. రఫ్ వర్క్‌కి కుడివైపు ఒక గీత గీసుకుని, లెక్క నంబరు వేసి ఒకట్లు కింద ఒకట్లు, పదులు కింద పదులు వచ్చేలా రాయమనండి, మూలమూలల్లో గిలికేసిన దాన్ని మళ్ళీ వెతుక్కోవడానికే సగం టైం పోతుంది. చివర్లో జవాబు పక్కన మీటర్లా, కిలోలా అని రాశాడో లేదో కూడా చూసుకోవాలి, ఒక్కోచోట దానికీ అర మార్కు కోస్తారు.